తీగకు గ్రుచ్చిన ఉత్తరాలు

ఉర్దూ భాషలో ‘ఖత్ ఆధీ ములాఖాత్’ అని ఒక నానుడి కలదు. ఉత్తరమంటే సగం కలయిక అని దాని భావం. మిగిలిన సగాన్ని చదివేవారు పూరించాలి. చదివేవారే కరవైనప్పుడు ఆ కలయిక సగంలోనే నిలిచిపోతుంది. ఈ వ్యాసంలో మేము విద్యార్థి సోదరసోదరీమణులకు, కళాశాల పాలకవర్గ సభ్యులకు విన్నవింపదలచిన విషయమంతా ఈ చిన్న మాటలో ఇమిడి ఉన్నది.

మన వేంసూరు పరిసరాలలోని పాత ఇళ్ళలో దూలానికి ఒక కొక్కెపు తీగ వ్రేలాడుతూ ఉండేది. వచ్చిన ప్రతి కార్డునూ చదివిన పిమ్మట ఆ తీగకు గ్రుచ్చేవారు. ఏడాదికేడాది కార్డులు పేరుకొని, పొగచూరి, అడుగున ఉన్నవి గోధుమవన్నెకు తిరిగేవి. ఇల్లు పడగొట్టి కట్టుకొన్నప్పుడు తీగ పోయింది. కార్డులు కొన్ని పొయ్యిలోకి, కొన్ని చెదలకు, కొన్ని మాత్రం ట్రంకుపెట్టె అడుగుకు చేరినవి. ఆ మిగిలిన కొన్నింటిని గూర్చియే మా విచారం.

ఒకనాడు మా విద్యార్థి ఒకరు తన తాతగారి పెట్టెలో దొరికిన 31 కార్డుల కట్టను కళాశాలకు తెచ్చినారు. అది తెలుగు కుటుంబం. అయినా కట్టలో సగానికి పైగా ఉర్దూ కార్డులే. తాతగారు నిజాం రాజ్యకాలంలో ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్నవారు. ఆయన మిత్రులు కొందరు ఉర్దూలోనే ఆయనకు వ్రాసేవారు. ఇంట్లో నేడు ఆ లిపి ఎరిగినవారు లేరు. మా ఉర్దూ విద్యార్థులు అచ్చు పుస్తకాలను ధారాళంగా చదువగలరు గాని, చుక్కలు విడిచి వడివడిగా వ్రాసిన ఆ శికస్తా వ్రాత వారికీ కొరుకుడుపడలేదు. చివరకు సమీప గ్రామంలోని విశ్రాంత ఉపాధ్యాయులొకరిని ఆశ్రయించినాము. వృద్ధులైన ఆ మాస్టారుగారు మూడు సాయంత్రాలు మాతో కూర్చుండి 19 కార్డులు చదివి వినిపించినారు. నాలుగవ సాయంత్రానికి మేము వెళ్ళేలోగానే వారు పరమపదించినారు. మిగిలిన 12 కార్డుల ఛాయాచిత్రాలు మా వద్ద చక్కగా ఉన్నవి. వాటిలో ఏమున్నదో మాత్రం మాకు తెలియదు.

ఆనాడు మాకు బోధపడిన సత్యమిది. కార్డుల కంటె ముందుగా కార్డులు చదువగలవారు తరిగిపోతున్నారు. కనుక చేతివ్రాత కార్డుల డిజిటల్ భాండాగారం నిర్మింపబూనినవారు మొదట వెదకవలసినది యంత్రాన్ని కాదు, చదువరిని.

కార్డు పుట్టుపూర్వోత్తరాలు

ప్రపంచంలో మొదటి పోస్టు కార్డును 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీ ప్రభుత్వం వెలువరించింది. మన దేశంలో అది 1879 జూలై 1న అడుగుపెట్టింది. వెల పావు అణా. అంత చవుకగా దేశమంతటా కబురు పంపే సాధనం అంతకు మున్ను సామాన్యునికి లేదు. 1922లో వెల అర్ధణా అయింది. 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణెములు వచ్చినప్పుడు 5 నయా పైసలుగా మారింది. 1980 దశకం నాటికి 15 పైసలు. వెలకు తగినట్లే కార్డులో చోటు స్వల్పం. కనుక వ్రాసేవాడు క్లుప్తంగా వ్రాసేవాడు. చోటు చాలకపోతే అంచుల వెంట, చిరునామా ప్రక్కన, కొన్ని వేళల తలక్రిందుగా కూడ వ్రాసేవాడు. మహాకవి గాలిబ్ ఉర్దూ వచనానికి కొత్త జీవం పోసిన తన లేఖలను వ్రాసిన కాలానికి మన దేశంలో కార్డు లేదు. ఆయన 1869లోనే కన్నుమూసినాడు. ఆయన ఉత్తరాలు ‘ఊదె హిందీ’, ‘ఉర్దూయె ముఅల్లా’ అను సంపుటాలుగా 1868, 1869లలో వెలువడినవి. వ్రాసినవాని వద్ద ఉత్తరం ఉండదు, అందుకొన్నవాని వద్దనే ఉంటుంది. గాలిబ్ లేఖలనైనా మిత్రులు, శిష్యులు దాచినందువల్లనే కూర్చగలిగినారు.

గాంధీమహాత్ముని సమగ్ర రచనల విషయంలోనూ ఇదే జరిగింది. 1958లో మొదటి సంపుటం వెలువడి, 1994కు నూరు సంపుటాలుగా ముగిసిన ఆ మహాసంకలనంలో లేఖల పాలు విస్తారం. ఆయన తరచుగా కార్డులపైననే వ్రాసేవారు. వాటిని అందుకొన్న అసంఖ్యాకులు భద్రపరచినందుననే సంపాదకులకు అవి లభించినవి. గొప్పవారి ఉత్తరాలను లోకం దాచుకొన్నది. మన ఊరి రైతు, బీడీ ఆకు కూలీ, ఎల్లందు, కొత్తగూడెం బొగ్గుగనులకు వలసపోయిన కార్మికుడు వ్రాసిన కార్డులను ఎవరు దాచాలి? వారి ఊరివారే దాచాలి.

రెండు తపాలాల నడుమ ఒక ఊరు

వేంసూరు సరిహద్దు ప్రాంతం. నేడది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల సరిహద్దు. 1948కి పూర్వం నిజాం రాజ్యానికీ, బ్రిటిషు ఏలుబడిలోని కృష్ణా మండలానికీ నడుమ సరిహద్దు. నిజాం రాజ్యానికి స్వంత తపాలా వ్యవస్థ ఉండేది. 1869 నుండి స్వంత బిళ్ళలు ముద్రించుకొన్నది. 1871 నాటి బిళ్ళలపై పారసీ, ఇంగ్లీషు, మరాఠీ అక్షరాలతో పాటు తెలుగు అక్షరాలు కూడ ఉండుట గమనింపదగినది. అయితే అట్టి సంస్థానాల బిళ్ళలు సంస్థానం ఎల్లల వరకే చెల్లేవి. ఎల్ల దాటి పోవలసిన ఉత్తరానికి ఇండియా ప్రభుత్వ తపాలాయే శరణ్యం. నాణెములు సైతం వేరు. ఇక్కడ హాలీ సిక్కా, అక్కడ కలదారు రూపాయి. 1950 ఏప్రిల్ 1న హైదరాబాదు తపాలా భారత తపాలాలో లీనమైన తరువాతనే ఈ తపాలా భేదం సమసిపోయింది.

కావున మన ప్రాంతపు పెట్టెలలో రెండు ప్రభుత్వాల కార్డులు, రెండు లిపులు, రెండు పంచాంగాలు కలిసి కనిపిస్తాయి. ఒక కార్డు తలమీద ‘శ్రీరామ’ అని ఉంటే మరియొకదాని తలమీద 786 అంకె ఉంటుంది. ఒకటి ‘ఉభయకుశలోపరి’ అని ప్రారంభమైతే మరియొకటి సలాము చెప్పి ఖైరియత్ విచారిస్తుంది. లోపలి సంగతులు మాత్రం ఒక్కటే. వానలు, ధాన్యం ధర, జ్వరం, పిల్ల పెండ్లి. మాస్టారుగారు మాకు చదివి వినిపించిన ఒక ఉర్దూ కార్డులో ప్రధాన విషయం ఇంతే: వాగు పొంగినది, బండి పంపవద్దు, మీ అమ్మగారికి మందు మనిషి ద్వారా పంపుచున్నాను. దానిపై తేదీ 1357 ఫసలీ, అమర్దాద్ మాసం.

తేదీ తేల్చే విద్య

పై తేదీని నేటి లెక్కకు తెచ్చే మార్గం విద్యార్థులు నేర్వదగినది. నిజాం రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజర్ మాసంతో మొదలయ్యేది. ఫసలీ అంకెకు డిసెంబరు వరకు 590, జనవరి నుండి 591 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. అమర్దాద్ తొమ్మిదవ మాసం. కావున ఆ కార్డు 1948 జూన్-జూలై ప్రాంతంలో వ్రాసినది. హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో చేరుటకు దారితీసిన 1948 సెప్టెంబరు 17వ తేదీకి కొద్ది నెలల ముందు మాట అది. దేశమంతా అల్లకల్లోలంగా ఉన్న ఆ రోజులలో ఒక ముస్లిం మిత్రుడు ఒక తెలుగు మిత్రుని తల్లికి మందు పంపిన కబురది. చరిత్ర గ్రంథాలలో ఇట్టి సంగతి దొరకదు. అది వ్రాసిన చోటు పావు గజం లేని అట్టముక్క మాత్రమే.

తెలుగు కార్డులలో సంవత్సరం పేరు మాత్రమే ఉండవచ్చు. సర్వజిత్తు అని ఉన్నదనుకొందాము. అరువదేండ్లకొకసారి వచ్చే ఆ పేరు 1887లోనూ వచ్చింది, 1947లోనూ వచ్చింది. ఇండియా ప్రభుత్వపు పావు అణా కార్డయితే మొదటిదనీ, అంతకు హెచ్చు వెల కార్డయితే రెండవదనీ నిశ్చయింపవచ్చును.

తేదీ బొత్తిగా లేకున్నా చిరునామాయే సాక్ష్యమిస్తుంది. ఖమ్మం జిల్లా 1953 అక్టోబరు 1న ఏర్పడింది. దానికి ముందు ఈ భాగం వరంగల్ జిల్లాలోనిది. భద్రాచలం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లా క్రింద ఉండేది. ఆరంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టబడింది. తాలూకాల స్థానంలో మండలాలు 1985లో వచ్చినవి. ‘వేంసూరు నియోజకవర్గం’ అన్న మాట కనబడితే, 1962 నుండి మూడు పర్యాయాలు జలగం వెంగళరావుగారిని శాసనసభకు పంపిన నియోజకవర్గం అదేనని గుర్తుకు రావాలి. 1978 ఎన్నికలకు దాని స్థానంలో సత్తుపల్లి వచ్చింది. ఈ విధంగా ఒక్క చిరునామాలోని నాలుగు మాటలు కార్డును పది పదిహేనేండ్ల వ్యవధిలోనికి తెచ్చి నిలుపుతాయి.

బొమ్మ వేరు, చదువు వేరు

డిజిటల్ భాండాగారమంటే కార్డులను స్కాను చేసి కంప్యూటరులో ఉంచడమే అని పలువురి అభిప్రాయం. ఇది పొరపాటు. స్కాను చేసిన కార్డు కంప్యూటరుకు కేవలం చుక్కల రాశి. అందులో ‘వేంసూరు’ అని వ్రాసి ఉన్నదన్న సంగతి దానికి తెలియదు. వేయి బొమ్మలున్న పెట్టెలో ఒక పేరును వెదకాలంటే వేయి బొమ్మలూ తెరచి చూడవలసిందే. తీగకు గ్రుచ్చిన కట్టకూ దీనికీ భేదం పొగలేకపోవడం ఒక్కటే.

అయినా బొమ్మ అవసరమే. దానిని సక్రమంగా తీయాలి. మన పోస్టు కార్డు సుమారు 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు కలది. అంగుళానికి 600 చుక్కల చొప్పున రంగులలో స్కాను చేస్తే ఒక్కొక్క ప్రక్క సుమారు 21 మెగాబైట్లు, రెండు ప్రక్కలు కలిపి 42 మెగాబైట్లు అవుతుంది. వేయి కార్డులకు 42 గిగాబైట్లు. నేటి లెక్కలో ఇది చేతిలో ఇమిడే చిన్న పరికరంలో పట్టేంత స్వల్పం. మూల ప్రతిని నాణ్యత తరగని టిఫ్ రూపంలో ఉంచి, చూచుటకు చిన్న ప్రతిని వేరుగా తీసుకోవాలి. వ్రాతలేదని చిరునామా ప్రక్కను విడిచిపెట్టరాదు. తపాలా ముద్ర, వెల, ఊరి పేరు ఆ ప్రక్కనే ఉంటాయి. కార్డులకు జిగురు కాగితం అంటించడం, ప్లాస్టిక్ పొర వేయించడం కూడనిపని. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, మూలన పెన్సిలుతో సంఖ్య వేస్తే చాలును.

బొమ్మకు తోడు ఒక వివరపట్టిక ఉండాలి. ఎవరు ఎవరికి వ్రాసినారు, ఎక్కడి నుండి ఎక్కడికి, ఏనాడు, ఏ భాష, ఏ లిపి, ఎవరి ఇంట దొరికినది అన్నవి అందులోని గడులు. మన కార్డులకు మరియొక గడి తప్పనిసరి. అదే ‘వ్రాసిపెట్టినవారు’. చదువురాని తల్లి చెప్పగా పంతులుగారో, పోస్టుమానో, ఎదురింటి పిల్లవాడో వ్రాసిపెట్టిన కార్డులు కొల్లలు. మాట ఒకరిది, వ్రాత మరియొకరిది. ఈ భేదం నమోదు చేయకపోతే ఆ తల్లి పేరు భాండాగారంలో ఎక్కడా కనబడదు.

వెదకుట అనగా నేమి

కార్డులోని పాఠమంతా టైపు చేసిన తరువాతనే వెదకుట సాధ్యమవుతుంది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పు నుండియే తెలుగు లిపికీ, ఉర్దూకు ఆధారమైన అరబ్బీ లిపికీ స్థానాలు కలవు. అందువల్ల రెండు లిపులను ఒకే భాండాగారంలో, ఒకే పుటలో ఉంచవచ్చు. టైపు చేసిన మాటలన్నింటికీ కంప్యూటరు ఒక సూచిక తయారు చేసుకొంటుంది. పెద్ద గ్రంథాల చివర ‘ఈ పదం ఈ పుటలలో’ అని పదానుక్రమణిక ఉంటుంది గదా, అటువంటిదే ఇది. మనం ‘వాగు’ అని అడిగితే కార్డులన్నీ చదువకుండా సూచిక చూచి సమాధానమిస్తుంది.

ఇక్కడ మన భాషల వల్ల కొన్ని చిక్కులు ఎదురౌతాయి. ఒకే ఊరిని వేంసూరు, వేమ్సూరు, వేంసూర్ అని వ్రాసినవారున్నారు. ఖమ్మాన్ని పాతవారు ఖమ్మంమెట్టు అనేవారు. అడిగినవాడు ఒక రూపం అడిగితే మరియొక రూపం దొరకదు. కావున రెండు పాఠాలు ఉంచాలి. మొదటిది కార్డులో ఉన్నది ఉన్నట్లు, తప్పులతో సహా. రెండవది వెదకుటకై సరిచేసిన రూపం. మొదటిదానిని ఎన్నడూ దిద్దరాదు. వ్రాసినవాని యాస, ఊరి పలుకుబడి ఆ ‘తప్పుల’లోనే ఉంటాయి. తెలుగులో క్రియకు, నామానికి చేరే ప్రత్యయాలు కూడ చిక్కే. ‘బండి’ అని వెదకితే ‘బండ్లు’, ‘బండిని’ కూడ దొరకాలి. అందుకొరకు ముఖ్యమైన మాటల మూలరూపాలను వేరుగా చేర్చాలి.

ఉర్దూ వ్రాతలో చిక్కు మరింత సూక్ష్మం. అందులో హ్రస్వమైన అకార, ఇకార, ఉకారాలను సాధారణంగా వ్రాయరు. శికస్తా వ్రాతలో చుక్కలు సైతం విడిచిపెడతారు. చుక్కలు లేకపోతే బ, ప, త అక్షరాలకు భేదం తెలియదు. తెలుగు ఊళ్ళ పేర్లు ఆ వ్రాతలోనికి పోయినప్పుడు ళకారం లకారమవుతుంది. కల్లూరు అన్న పేరులో మొదటి అక్షరానికి అచ్చే కనబడదు. లిపి మాత్రమే వచ్చినవాడు దానిని పలు విధాలుగా చదువవచ్చు. మన ప్రక్కన కల్లూరు అనే ఊరున్నదని ఎరిగినవాడు మాత్రమే ఒక్క చూపులో సరిగా చదువుతాడు. మా మాస్టారుగారు చేసినది అదే. వారికి లిపి తెలుసు, ఊళ్ళు తెలుసు, ఊళ్ళలోని మనుషులు తెలుసు. ఈ మూడు తెలివులు ఒకే వ్యక్తిలో ఉన్న తరం నేడు అస్తమయదశలో ఉన్నది.

యంత్రం చదువగలదా?

యంత్రమే చేతివ్రాతను చదివే రోజులు వచ్చినవి గదా అని విజ్ఞులు ప్రశ్నింపవచ్చు. నిజమే. 1996లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో మన్మథ మొదలైనవారు ‘పదాన్ని గుర్తుపట్టుట’ అనే పద్ధతిని ప్రతిపాదించినారు. యంత్రం పదాన్ని చదువదు. పదం బొమ్మను బొమ్మతో పోల్చి, ఒకేలా ఉన్నవాటిని ఒకచోట చేరుస్తుంది. ఒక్కొక్క గుంపుకు మనిషి ఒకసారి పేరు పెడితే చాలును. జార్జి వాషింగ్టన్ లేఖలపై ఈ పద్ధతిని పరీక్షించినారు. హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ పరిశోధకులు 2018లో తెలుగు, దేవనాగరి చేతివ్రాత పదాల సంకలనాలను, 2021లో ఉర్దూతో సహా మరి ఎనిమిది లిపుల సంకలనాలను వెలువరించినారు. యంత్రాలకు చదువు నేర్పుటకు ఇవి పాఠ్యపుస్తకాల వంటివి.

అయితే యంత్రం నేర్చేది మనుషులు ముందుగా చదివి ఇచ్చిన ఉదాహరణల నుండియే. ఈ కాలపువారు వ్రాసిన పదాలపై నేర్చిన యంత్రం, పొగచూరి సిరా వెలిసిన 1940ల నాటి కార్డును అదే సామర్థ్యంతో చదువుతుందని ఆశింపరాదు. మన కార్డులను అది చదువవలెనంటే మన కార్డులలో కొన్ని వందలనైనా పెద్దలు చదువగా మనం టైపు చేసి దానికి నేర్పాలి. అంటే యంత్రమార్గం కూడ చదువరి గుమ్మం ముందు నుండియే పోతుంది. పెద్దలుండగా చేసిన పని రేపటి యంత్రానికి పాఠమవుతుంది. వారు లేని తరువాత యంత్రం చదివిన దానిలో తప్పొప్పులు చెప్పేవారు సైతం ఉండరు.

లేనిదానిని గూర్చి

కార్డులు చెప్పని సంగతులను కూడ భాండాగారం చెప్పగలగాలి. శుభవార్త మోసిన కార్డు మూలలకు పసుపు అద్దేవారు. అట్టివి భద్రంగా దాచేవారు. చావుకబురు తెచ్చిన కార్డును మాత్రం ఇంటిలోనికి తేక, గుమ్మం బయటనే చదివి చించివేసే ఆచారం మన ఊళ్ళలో ఉండేది. కనుక తీగకు గ్రుచ్చిన కట్టలో పెళ్ళిళ్ళు కనబడతాయి, మరణాలు అరుదు. ఇది తెలియని పరిశోధకుడు రేపు ఆ కట్టను చూచి ఆ కాలంలో జనులు చావు సంగతులు వ్రాసుకొనేవారే కారని వ్రాయగలడు. అందుచేత ప్రతి కట్టతో పాటు దాని చరిత్రను, అనగా ఎవరు దాచినారు, ఏవి పారవేసినారు అన్నదానిని, ఇంటివారిని అడిగి వ్రాసి ఉంచాలి.

మర్యాదలు, హక్కులు

కార్డు తెరచిన ఉత్తరమే. పోస్టుమాను చదివేవాడు, వీధివారు వినేవారు. అంతమాత్రాన దానిని లోకమంతటికీ వెల్లడించే అధికారం మనకు లేదు. చట్టరీత్యా అట్టముక్క అందుకొన్నవారిది. అందులోని మాటలపై హక్కు వ్రాసినవారిది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం సాధారణంగా రచయిత జీవితకాలం, ఆ పిమ్మట 60 సంవత్సరాలు ఆ హక్కు ఉంటుంది. కావున ఉభయ కుటుంబాల అనుమతి పత్రాలు తీసుకోవాలి. అప్పులు, రోగాలు, కాపురాల కలతలు ఉన్న కార్డులను స్కాను చేసి భద్రపరచవచ్చు గాని, జీవించి ఉన్నవారికి నొప్పి కలిగించేవాటిని కొంత కాలం మూసి ఉంచాలి. కార్డులను కళాశాల స్వాధీనం చేసుకోనక్కరలేదు. చదివి, స్కాను చేసి, మంచి కవరులో పెట్టి ఇంటివారికే తిరిగి ఇస్తే వారికి నమ్మకం కలుగుతుంది.

ఒకే చోట ఉంచిన సొత్తుకు ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. హైదరాబాదులో అబ్దుస్ సమద్ ఖాన్ గారు స్వయంకృషితో వేలకొలది ఉర్దూ పుస్తకాలు, పత్రికలు సేకరించినారు. ఆ సంపద చికాగో విశ్వవిద్యాలయం మొదలైన గ్రంథాలయాల సహకారంతో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో నెలకొన్నది. 2000 ఆగస్టు నాటి వరదలలో అక్కడి సంపద తీవ్రంగా దెబ్బతిన్నది. తడిసిన పుటలను ఉద్ధరించుటకు ఎంతో శ్రమించవలసి వచ్చింది. అంతటి సంస్థకే ఆ గతి పట్టినప్పుడు మనబోటివారు మరింత జాగరూకులై ఉండాలి. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలలో, కనీసం ఒకటి వేరే ఊరిలో ఉండాలన్నది ఈ రంగంలోని అనుభవజ్ఞుల సూత్రం.

చేయవలసిన పని

మా సూచనలు నాలుగు. మొదటిది, ఈ ఏడాది స్కానరు కొనుటకు పూర్వమే మన చుట్టుప్రక్కల గ్రామాలలో పాత తెలుగు, ఉర్దూ వ్రాతలు చదువగల పెద్దల జాబితా తయారు చేయాలి. రెండవది, కార్డును మొబైల్ ఫోనుతో తీసి, పెద్ద తెరపై విస్తరించి వారికి చూపాలి. కంటిచూపు మందగించిన వారికి కార్డు కంటె అదే సులువు. వారు చదువుతూ ఉండగా ఆ గొంతును యథాతథంగా రికార్డు చేయాలి. టైపు చేయుట ఆలస్యమైనా ఫరవాలేదు. చదువు దక్కినట్లే. నాణ్యమైన స్కానింగు తరువాత నిదానంగా చేయవచ్చును. మూడవది, ప్రతి జట్టులో ఒక తెలుగు విద్యార్థి, ఒక ఉర్దూ విద్యార్థి ఉండాలి. ఒకే కార్డుపై రెండు లిపులున్నప్పుడు ఒకరు లేక ఒకరి చదువు సాగదు. నాలుగవది, వారానికి రెండు గంటలు ఇందుకై కేటాయించి, గ్రంథాలయంలో ఒక బీరువా, ఒక కంప్యూటరు ఏర్పాటు చేయవలసినదిగా పాలకవర్గాన్ని సవినయంగా కోరుచున్నాము.

రెండు భాషల కళాశాలగా మనకున్న అర్హత మరే కళాశాలకూ సులభంగా లభింపనిది. తెలుగు వారింటి ఉర్దూ కార్డు, ముస్లిం ఇంటి తెలుగు కార్డు రెండూ మన తరగతి గదిలో ఒకే బల్లమీద చదువబడగలవు. ఎవరి భాషను వారే దాచుకొంటే ఆ కార్డులకు సగం అర్థమే మిగులుతుంది.

మాస్టారుగారు చదువని ఆ 12 కార్డులను మేము వరుస సంఖ్యలతో భద్రపరచినాము. వివరపట్టికలో వాటి పాఠం గడిలో ‘చదువరి కావలెను’ అని వ్రాసినాము. ఈ సంచికను చదివే వారి ఇళ్ళలో శికస్తా వ్రాత ఎరిగిన తాతగారో, నానీమాయో, దాదాజానో ఉంటే వారిని ఈ సెలవులలోనే అడగండి. కార్డులను తీసికొని మేమే వారి గుమ్మం ముందుకు వస్తాము.